డాక్టర్ సలహా: నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే పళ్ల క్లిప్పు సరిపోతుందా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయనకు 46 ఏళ్లు. గ్రానైట్ బ్లాకుల లారీ నడుపుతారు. కృష్ణపట్నం, చెన్నై పోర్టులకు లోడు తీసుకెళ్తుంటారు. గురక ఎప్పటి నుంచో ఉంది. ఏడాదిగా మాత్రం నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా గాలి పీలుస్తున్నారు. రాత్రంతా ఆయన ఛాతీ వంకే చూస్తూ పడుకుంటున్నాను. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ కొలిచే పరీక్ష) చేయిస్తే ఏహెచ్ఐ 23 అని, రక్తంలో ఆక్సిజన్ 81 శాతం దాకా పడిపోయిందని వచ్చింది. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషిన్ వాడమన్నారు. నెలలో సగం రోజులు క్యాబిన్‌లోనే పడుకుంటాను, ఆ మాస్కు నా వల్ల కాదంటున్నారు. పళ్లకు క్లిప్పు పెట్టుకుంటే చాలని తోటి డ్రైవరు చెప్పాడట. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందలకే దొరుకుతున్నాయి. కొనమంటారా? ఆయనకు బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఖైనీ అలవాటుంది. కింద రెండు దవడ పళ్లు తీయించుకున్నారు. మొన్న కావలి దాటాక స్టీరింగ్ మీద కునుకు పట్టిందని చెప్పారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: ముందు మీ ఉత్తరంలోని ఆఖరి మాట గురించి చెబుతానమ్మా. స్టీరింగ్ మీద ఒకసారి కునుకు పట్టిన మనిషి, చికిత్స మొదలై అది పనిచేస్తోందని తేలేదాకా లారీ నడపకూడదు. రాత్రే కాదు, పగలు కూడా. ఇంటి ఖర్చులు, లారీ ఓనరుతో ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అయినా హైవే మీద అంత బరువున్న రాళ్లతో వెళ్తూ రెండు సెకన్లు కళ్లు మూతపడితే ఏమవుతుందో మీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. రిపోర్టు చూపించి ఓనరుతో మాట్లాడమనండి. అప్పటిదాకా యార్డులో పనో, ఇంకోటో చూసుకోవచ్చు.

ఇక రిపోర్టు సంగతి. ఈ జబ్బును స్లీప్ అప్నియా అంటారు. ఏహెచ్ఐ 23 అంటే నిద్రలో గంటకు 23 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందని. అలా జరిగిన ప్రతిసారీ కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ఆరు గంటలు పడుకుంటే 138 సార్లు. వాటిలో చాలాసార్లు మెదడు ఉలిక్కిపడి ఆయన్ని నిద్రలోంచి కాస్త పైకి లాగుతుంది, ఆయనకు మాత్రం గుర్తుండదు. అందుకే ఎనిమిది గంటలు పడుకుని లేచినా తల బరువుగా, మత్తుగా ఉంటుంది. 5 నుంచి 15 లోపు ఉంటే తక్కువ స్థాయి, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మీ ఆయనది మధ్యస్థం. బీపీ కూడా దీనివల్ల పెరిగి ఉండొచ్చు. నిద్రలో ఊపిరి సరిగా ఆడని వాళ్లలో కొందరికి మాత్రలు పెంచుకుంటూ పోయినా బీపీ ఒక పట్టాన లొంగదు.

తోటి డ్రైవరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. పళ్లకు పెట్టే పరికరం నిజంగానే ఈ జబ్బుకు ఒక చికిత్స. అది చేసే పని చాలా తేలికగా అర్థమవుతుంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చాక రోగి నాలుక వెనక్కి జారి గాలి దారికి అడ్డం పడుతుంది. అప్పుడు మత్తు డాక్టర్ రెండు చేతులతో కింది దవడను ముందుకు ఎత్తి పట్టుకుంటారు. దవడతో పాటు నాలుక కూడా ముందుకు వస్తుంది, దారి తెరుచుకుంటుంది. పళ్ల పరికరం రాత్రంతా చేసేదీ అదే. పై పళ్లకొక తొడుగు, కింది పళ్లకొక తొడుగు, రెండిటినీ కలిపే చిన్న స్క్రూనో పట్టీనో ఉంటాయి. కింది దవడ ఎంత ముందుకు రాగలదో కొలిచి, మొదట అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దగ్గర పెడతారు. తర్వాత కొన్ని వారాల పాటు మిల్లీమీటరులో పావో సగమో చొప్పున ముందుకు జరుపుతూ వస్తారు.

ఆన్‌లైన్‌లో దొరికేవి వేడినీళ్లలో ముంచి పళ్లతో కొరికి పెట్టుకునే రకం. వాటిలో ఈ కొలత, ఈ సర్దుబాటు ఉండవు. నిద్రలో ఊడిపోతాయి, లేదంటే నాలుగు పళ్ల మీదే భారం వేసి కదిలిస్తాయి. నాకు ఇంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. అవి గురకను కొంత తగ్గిస్తాయి. చప్పుడు తగ్గింది కదా, జబ్బు పోయిందనుకుని మీ ఆయన మళ్లీ లారీ ఎక్కుతారు. ఊపిరి మాత్రం లోపల ఆగుతూనే ఉండొచ్చు. గురక తగ్గడం వేరు, ఊపిరి ఆగకపోవడం వేరు. డెంటిస్టు చేసిన మంచి పరికరానికైనా ఇదే మాట. అది పెట్టుకునే పడుకుని మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకోవాలి. ఈ రెండో పరీక్షను మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎగ్గొడతారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. ఎందుకంటే పళ్ల పరికరం వాడేవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి జబ్బు పూర్తిగా అదుపులోకి వస్తుంది, మరో మూడో వంతుకు సగానికి పైగా తగ్గుతుంది, మిగతావాళ్లకు పెద్దగా ఫలితం ఉండదు. మీ ఆయన ఏ వంతులో ఉన్నారో రెండో రిపోర్టే చెప్పాలి.

గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందన్న లెక్క తగ్గించడంలో సీప్యాప్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ రాత్రి మూడు గంటలు పెట్టుకుని తీసి పక్కన పడేసే మెషిన్ కంటే, తెల్లారేదాకా నోట్లో ఉండే క్లిప్పు కొందరికి ఎక్కువ మేలు చేస్తుంది. బీపీ తగ్గించడంలో రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. అందుకే మధ్యస్థంగా ఉండి, మాస్కుతో ఎంత ప్రయత్నించినా కుదరనివాళ్లకు నేనూ క్లిప్పు రాస్తాను.

మీ ఆయన విషయంలో మాత్రం ఇది మెషినా క్లిప్పా అన్న ప్రశ్న కాదు. క్లిప్పు తయారై, సరైన చోటికి జరిగి, పరీక్షలో తేలేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. మెషిన్ మొదటి రాత్రుల నుంచే పనిచేస్తుంది. కాబట్టి ఇప్పుడు ఇంట్లో ఉన్నన్ని రోజులు మెషిన్ పెట్టించండి, ఆలోగా క్లిప్పు పని మొదలుపెట్టించండి. ముఖమంతా కప్పే మాస్కు పడకపోతే ముక్కు దగ్గర మాత్రమే ఆనే చిన్న రకాలున్నాయి. రాతి దుమ్ములో తిరిగే మనిషి, ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు వాడాలి. ముక్కు మూసుకుపోయి ఉంటే మాస్కూ పడదు, క్లిప్పూ పడదు. క్యాబిన్ గురించి కూడా చెబుతాను: చాలా మెషిన్లకు కంపెనీవాళ్ల బ్యాటరీలు, బండి కరెంటుతో నడిపే అడాప్టర్లు దొరుకుతాయి. మీ మోడల్‌కు సరిపడేదేదో అమ్మినవాళ్లనే అడగండి.

క్లిప్పు కోసం డెంటిస్టు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే ఒకటి చూడండి. ఆయన్ని నోరు బాగా తెరవమని, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పెట్టుకోమనండి. మూడు వేళ్లూ పట్టకపోతే, బుగ్గల లోపల తెల్లగా బిరుసెక్కినట్టుంటే, కారం తగిలితే మంటెత్తుతుంటే అశ్రద్ధ చేయొద్దు. ఖైనీతో పాటు వక్క, గుట్కా కూడా నమిలేవాళ్లలో, ముఖ్యంగా వక్క వల్ల, నోరు ఇలా బిగుసుకుపోతుంది. అది తర్వాత క్యాన్సర్‌గా మారే ప్రమాదముంది. పళ్ల అచ్చు తీయడానికే నోరు తెరుచుకోకపోతే క్లిప్పు మాటే లేదు, ముందు ఆ నోటిని చూపించాలి. అలాంటిదేమీ లేకపోతే రెండు దవడ పళ్లు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. పైనా కిందా ఎనిమిది పది చొప్పున గట్టి పళ్లుంటే చాలు. కానీ పొగాకు వల్ల చిగుళ్లు వదులై పళ్లు కదులుతుంటే వాటి మీద దవడ బరువు వేయకూడదు. కనిగిరి వైపు పుట్టి పెరిగి, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లు గుంటలు పడ్డవాళ్లు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి. దవడ కీలు దగ్గర నొప్పి ఉంటే అదీ చెప్పాలి.

ఒంగోలులోనో నెల్లూరులోనో కట్టుడు పళ్ల స్పెషలిస్టునో, పళ్ల వరస సరిచేసే డాక్టర్‌నో కలవండి. స్లీప్ అప్నియాకు ఇలాంటివి చేసిన అనుభవం ఉందా అని ఫోన్‌లోనే అడిగి బయల్దేరండి. స్లీప్ స్టడీ రిపోర్టు వెంట ఉండాలి. దాన్ని చూడకుండానే అచ్చు తీసుకుంటామంటే అక్కడ చేయించుకోవద్దు.

మొదటి వారాల్లో నోట్లో లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, కొందరికి నోరు ఎండుతుంది. లేవగానే దవడ పట్టేసినట్టుండి పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. డాక్టర్ చూపించిన వ్యాయామం చేస్తే అరగంటలో సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే పళ్లు కొద్దిగా జరుగుతాయి. అందుకే మొదట ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. కడగడానికి చల్లటి నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. లారీలోకి తీసుకెళ్తే డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని మరీ మరీ చెప్పండి. రోహిణి కార్తె ఎండకు అది వంకరపోతుంది, మళ్లీ అచ్చు తీయాల్సిందే.

రాత్రి మద్యం తాగితే గొంతు కండరాలు మరింత సడలుతాయి, అప్పుడు ఏ పరికరమూ సరిగా పనిచేయదు. నిద్ర మాత్రలూ అంతే. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం మేలు. బరువు ఎక్కువుంటే పదో వంతు తగ్గినా ఈ 23 అన్న అంకె దిగుతుంది.

ఈసారి ఆయన ఊపిరి ఆగినప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి ఆయనకే చూపించండి. నిద్రలో తనకేం జరుగుతోందో ఆయన ఇంతవరకు చూసుకుని ఉండరు. క్లిప్పుతో చేయించిన రెండో రిపోర్టు వచ్చాక అందులోని అంకె, ఆక్సిజన్ ఎంత దాకా పడిందో రాసి పంపండి. లారీ మళ్లీ ఎప్పుడు ఎక్కవచ్చో అప్పుడు చెబుతాను.