ఐదో నెలకే చోడి (రాగి) జావ పట్టమంటున్నారు

మేడమ్, మాది పలాస పక్కన ఊరు. పాపకి నాలుగు నెలలు నిండి ఐదో నెల నడుస్తోంది, నా పాలే తాగుతోంది. పదిహేను రోజులుగా సాయంత్రమైతే చాలు ఏడుపు, గుప్పెట మొత్తం నోట్లో కుక్కుకుంటోంది. నా పాలు పలచబడ్డాయి, చాలడం లేదు అంటుంది మా అత్త. ఆడపిల్లకి బేసి నెల కాబట్టి ఈ నెలలోనే అన్నప్రాసన చేసేసి చోడి జావ పట్టాలట. పక్కింటావిడేమో డబ్బా పాలు కలపమంటుంది. రొమ్ములు మొదట్లోలా బిగువుగా లేవు, నాకూ అనుమానంగానే ఉంది. ఇంకో నెలన్నరలో జీడిపిక్కలు కొట్టే పనికి పోవాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, పలాస

పాప రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోందో ముందు అది లెక్కపెట్టండమ్మా. ఆరు, అంతకన్నా ఎక్కువ తడుపుతూ, అంగన్‌వాడీలో తూచినప్పుడల్లా బరువు పెరుగుతుంటే మీ పాలు చాలుతున్నట్టే. బరువు పెరగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. గుప్పెట చప్పరించడం ఈ వయసు పిల్లలందరూ చేసేదే, సాయంత్రం ఏడుపుకి ఆకలి ఒక్కటే కారణం కాదు. రొమ్ములు మెత్తబడ్డాయంటే పాప ఎంత తాగుతుందో ఒంటికి తెలిసిపోయి అంతే తయారవుతున్నాయని అర్థం. ఇక పలచదనం అంటారా, తాగడం మొదలెట్టినప్పుడు వచ్చే పాలు నీళ్లలాగే ఉంటాయి, వెన్న చివర్లో వస్తుంది, అందుకే ఒకవైపు పూర్తిగా తాగాకే రెండోవైపు మార్చాలి.

డబ్బా పాలు కలిపితే పాప మీ దగ్గర తాగేది తగ్గుతుంది, అది తగ్గితే పాలూ తగ్గుతాయి. ఏటి ఇసుకలో చెలమ చూసే ఉంటారుగా, తోడితేనే ఊరుతుంది. జావతోనూ అదే తంటా, ఆ చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది.

మీ అత్తగారితో గొడవ పెట్టుకోకండి, ఆవిడ తన పిల్లల్ని అలాగే పెంచి ఉంటారు. ఆడపిల్లకి ఐదే కాదు, ఏడు కూడా బేసి నెలే కదా! ఆరు నెలలు నిండగానే ఏడో నెల వచ్చేస్తుంది. ఆ నెలలో ముహూర్తం పెట్టించమనండి. ఆవిడ శాస్త్రమూ నిలుస్తుంది, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు అనే డాక్టర్ల మాటా నిలుస్తుంది.

అప్పుడు మాత్రం ఆలస్యం చేయొద్దు. పుట్టినప్పుడు పాప ఒంట్లో దాచుకున్న ఐరన్ ఆరో నెలకి అడుగంటుతుంది, పాలలో ఉన్నది చాలదు. అన్నం, పప్పు మెత్తగా నలిపి, చుక్క నెయ్యి వేసి, మొదట రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు. చెంచా వంచితే జారిపోయేంత పలచగా ఉండకూడదు. చోళ్లు వేయించి పిండి పట్టించి చిక్కగా ఉడికించండి, అప్పుడు మీ అత్తగారి చోడి జావ బంగారమే. కొన్నాళ్లు పోయాక ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప కూడా నలిపి పెట్టొచ్చు. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం పిండి ఇస్తారు, తెచ్చుకోండి. ఇవన్నీ పెడుతూనే రెండేళ్లు నిండేదాకా, ఆ తర్వాత కూడా పాలివ్వొచ్చు.

పనికెళ్లే రోజు పొద్దున్నే పాలు పిండి, మరిగించిన నీళ్లతో కడిగిన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచండి, అత్తగారు ఉగ్గుగిన్నెతో పడతారు. సీసా జోలికి పోవద్దు, శుభ్రం చేయడం కష్టం. చల్లటి చోట అయితే నాలుగు గంటలు, మన ఎండల్లో ఇంకా ముందే పట్టేయాలి. సాయంత్రం ఇంటికి రాగానే పాపని ఎత్తుకోకండి. పిక్కల పెంకులోంచి కారే జీడి చేతికి అంటుకుని ఉంటే పాప చర్మం పొక్కిపోతుంది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చీర మార్చుకుని అప్పుడు తీసుకోండి.

బాబుకి ఎనిమిది నెలలు. ఉప్పు వేయకుండా పెడితే చప్పగా ఉండి తినడని, కాస్త ఉప్పు, తేనె కలపమని అమ్మ అంటోంది.
– బొబ్బిలి నుంచి

చప్పగా ఉందన్నది ఎవరు, బాబా, రుచి చూసిన అమ్మమ్మా? ఉప్పు రుచే తెలియని వాడికి చప్పదనం ఎలా తెలుస్తుంది? ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార అక్కర్లేదు. తేనె అయితే నాకించడానికి కూడా వద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి చంటిపిల్లల పేగుల్లో పెరిగి ప్రాణం మీదకి తెస్తుంది. వాడు ఏదైనా కూర ఉమ్మేస్తే ఆ పూటకి మానేసి, రెండు రోజులాగి అదే కూర మళ్లీ తాజాగా వండి పెట్టండి.