కిటికీని చూసి మొక్కను కొనండి

ఇంట్లో మొక్కలు పెంచడం కొత్తగా మొదలుపెట్టిన పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేం ఫ్లాట్‌లో ఉంటాం. హాల్లో ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. ఇంతవరకూ మొక్కలు పెంచిన అలవాటు లేదు. వేటితో మొదలుపెడితే బతుకుతాయి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నర్సరీకి వెళ్లే ముందే ఇంట్లో వెలుతురు చూసుకోండమ్మా. మధ్యాహ్నం 12 గంటల వేళ లైట్లన్నీ ఆపేసి, కుండీ పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరవండి. దానికి అడుగు ఎత్తున అరచెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా తెలిసేంత నీడ పడితే అక్కడ చాలా మొక్కలు పెరుగుతాయి. నీడ మసగ్గా, చెయ్యి ఉందని మాత్రమే తెలిసేలా ఉంటే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, మనీప్లాంట్ పెట్టుకోవచ్చు. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా వద్దు. ‘చీకట్లో కూడా ఉంటుందండీ’ అని నర్సరీలో చెప్పినా సరే. అలాంటి చోట మొక్క తనలో దాచుకున్న బలంతో కొన్ని నెలలు నెట్టుకొస్తుందే తప్ప పెరగదు.

ఉత్తరం కిటికీకి 3, 4 అడుగుల లోపు ఈ మూడూ బాగానే ఉంటాయి. గది మధ్యకు జరిపేకొద్దీ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. పసుపు చారల మనీప్లాంట్‌కు వెలుతురు చాలకపోతే కొత్త ఆకుల్లో చారలు తగ్గుతాయి, కణుపుల మధ్య దూరం పెరిగి తీగ సన్నబడుతుంది. అది జబ్బు కాదు. కుండీని కిటికీ దగ్గరికి జరిపితే చాలు.

మొదటిసారి రెండు మొక్కలు కొనండి, అంతకు మించి వద్దు. ఆకుల అడుగు భాగం, కాడ మొదళ్లు తిప్పి చూడండి. తెల్లటి పిండి గానీ సన్నటి బూజు దారాలు గానీ కనిపిస్తే తీసుకోకండి. కుండీ పట్టుకుని మొక్కను మెల్లగా కదపండి. మొదలంటా ఊగుతుంటే వేరు పట్టలేదనో కుళ్లిందనో అనుకోవాలి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. ఆ రెండు వారాలూ కుండీ మార్చకండి.

ప్రశ్న: మనీప్లాంట్‌కు రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తున్నాను. అయినా ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి. నీళ్లు ఇంకా పెంచాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వెంటనే ఆపండి. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే గాలి ఉండే సందుల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కనుక, తడి మట్టిలోనే మొక్క దాహంతో వాలిపోతుంది. అది చూసి మనం మళ్లీ నీళ్లు పోస్తాం. ఇంట్లో పెట్టిన మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది ఇందుకే.

మొక్కను కుండీలోంచి తీసి మట్టి దులపండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచి వేళ్లు. గోధుమ రంగు తిరిగి, పట్టుకుంటే పైపొర జారిపోయేవి కుళ్లినవి. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో వాటిని కత్తిరించండి. మిగిలిన వేళ్లకు సరిపోయే చిన్న కుండీలో కొత్త మట్టితో నాటి, ఒకసారి నీళ్లు పోయండి. నెల రోజులు ఎరువు జోలికి వెళ్లకండి. వేళ్లన్నీ పోయినా తీగ పచ్చిగా ఉంటే రెండు మూడు కణుపులున్న ముక్కలు కోసి, కింది కణుపు మునిగేలా నీళ్ల సీసాలో పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. సాధారణంగా రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. అవి 2 అంగుళాలు పెరిగాక మట్టిలోకి మార్చండి.

ఇకమీదట వేలు 2 అంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. పావుగంట తర్వాత పళ్లెంలో నిలిచిన నీరు పారబోయాలి. మీది తేమ గాలి ఉన్న ఊరు. వానాకాలంలో ఇంటి లోపలి మట్టి ఆరడానికి పది రోజులు కూడా పట్టవచ్చు. స్నేక్ ప్లాంట్, జీజీ అయితే కుండీ అడుగుదాకా ఆరాలి. జీజీ మట్టి కింద దుంపల్లో, స్నేక్ ప్లాంట్ మందపాటి ఆకుల్లో నీరు దాచుకుంటాయి. చలికాలంలో మూడు నాలుగు వారాలకోసారి పోసినా వాటికి సరిపోతుంది.

ప్రశ్న: కుండీలో ఏ మట్టి వాడాలి? అడుగున కంకర వేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: 6 అంగుళాల కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక్కో పాలు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్, ముతక ఇసుక చాలు. స్నేక్ ప్లాంట్‌కు ఇసుక రెండింతలు చేయండి. సముద్రపు ఇసుక వాడకండి, ఉప్పు ఉంటుంది. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉండవచ్చు కాబట్టి నానబెట్టి రెండుసార్లు పిండి కడగండి. నల్లరేగడి ఒక్కటే వాడితే తడిసినప్పుడు ముద్దవుతుంది, ఎండితే బీటలిచ్చి వేళ్లను తెంపుతుంది.

కంకర వద్దండీ. సన్నటి మట్టిలోని నీరు పెద్ద సందులున్న కంకరలోకి తేలిగ్గా దిగదు, మట్టి అడుగునే ఆగిపోతుంది. కంకర వేస్తే ఆ తడి పొర ఇంకా పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. చిల్లు మీద చిన్న జాలీ ముక్కో, కొబ్బరి పీచో చాలు. చిల్లులేని పింగాణీ కుండీ నచ్చితే మొక్కను ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి దాన్ని అందులో దించండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయాలి.

ప్రశ్న: స్పైడర్ ప్లాంట్ ఆకుల కొనలు ఎండుతున్నాయి. బోరు నీళ్లే పోస్తున్నాం.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. స్పైడర్ ప్లాంట్ ఫ్లోరైడ్‌ను, ఉప్పును తట్టుకోలేదు. అవి నీటితోపాటు ఆకు కొనకు చేరి అక్కడే పేరుకుంటాయి. నీటిని మరిగించినా, రాత్రంతా బకెట్‌లో ఉంచినా ఫ్లోరైడ్ పోదు. వాన నీరు పట్టి దాచుకోండి, లేదా ఆర్వో యంత్రంలోని మంచి నీరు వాడండి. ఆర్వో వదిలేసే వృథా నీరు మాత్రం పోయకండి, ఉప్పంతా అందులోనే చిక్కబడి ఉంటుంది. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, అదీ వేయకండి. రెండు నెలలకోసారి కుండీకి మూడింతల మంచినీరు నెమ్మదిగా పోసి కారనివ్వండి. ఎండిన కొనలు మళ్లీ పచ్చబడవు. కొత్తగా వచ్చే ఆకులను చూసి ఫలితం తెలుసుకోండి.

ప్రశ్న: ఆకు కాడల దగ్గర తెల్లటి దూదిలా పడుతోంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అది పిండినల్లి అనే పురుగు. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడిచేయండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీటిలో 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ బాగా కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. సబ్బు లేకపోతే నూనె నీటిలో కలవదు. గుడ్లు పొదిగి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి, అందుకే వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి.

ప్రశ్న: గాలి శుభ్రపడుతుందని పడగ్గదిలో నాలుగు మొక్కలు పెట్టాం. ఇంట్లో పాకే బాబు ఉన్నాడు. ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నాలుగు మొక్కలతో గదిలో గాలి శుభ్రపడదు. ఈ నమ్మకానికి ఆధారంగా చూపే 1989 నాటి నాసా ప్రయోగాలు మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో చేసినవి. కిటికీ తెరిస్తే జరిగే మేలుకు మొక్కలు సాటి రావాలంటే గది నిండా కిక్కిరిసి ఉండాలి. బాబు విషయం అంతకంటే ముఖ్యం. మనీప్లాంట్, జీజీ, అగ్లోనీమా, డైఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండి వాస్తుంది. వీటిని బాబుకు అందని ఎత్తులో పెట్టి, వేలాడే తీగలు కత్తిరించండి. కింద పెట్టాలనుకుంటే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ మేలు. ఒకవేళ నమిలితే నోట్లో ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడవండి. వాంతి చేయించకండి. నాలుక వాచినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నమిలిన ఆకు కూడా వెంట పట్టుకెళ్లండి.