పెద్ద పుంజు, చిన్న పెట్ట: పిల్ల గుడ్డులో ఇరుక్కుపోతుందా?

పుంజు నాలుగు కిలోలు, బాంటమ్ (పొట్టి రకం) పెట్ట కిలో కూడా లేదు, ఈ జంట గుడ్లు పొదగేస్తే పిల్ల గుడ్డులో పట్టక చచ్చిపోతుందేమో అని అడిగారు కదా. ఆ టెన్షన్ వదిలేయండి. గుడ్డు సైజు పెట్టను బట్టే వస్తుంది, లోపల పిల్ల ఎంత పెరగాలన్నది ఆ గుడ్డులో ఉన్న సొన, చోటు తేలుస్తాయి. పుంజు ఎంత భారీగా ఉన్నా పెంకు లోపల దాని మాట చెల్లదు. పుట్టినప్పుడు పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 36 గ్రాముల గుడ్డు నుంచి సుమారు 24 గ్రాముల పిల్ల, 60 గ్రాముల గుడ్డు నుంచి 40 గ్రాముల పిల్ల. కుక్కల్లో, ఆవుల్లో అయితే ఈ భయానికి అర్థం ఉంది, అక్కడ పిల్ల తల్లి కడుపులో పెరుగుతుంది కాబట్టి.

నేను రెండు రకాలుగానూ పిల్లల్ని తీశాను, పెద్ద పుంజుతో చిన్న పెట్టల్నీ, బాంటమ్ పుంజుతో బ్రహ్మా అనే భారీ జాతి పెట్టల్నీ కలిపి. ఇబ్బంది గుడ్డులో కాదు, అంతకు ముందే ఉంది.

పెద్ద పుంజు చిన్న పెట్టను తొక్కితే, అంటే జతకడితే, ముందు వీపు మీద ఈకలు పోతాయి, తర్వాత చర్మం. రెక్కల కింద పక్కటెముకల దగ్గర పుంజు గోళ్లు, కాలి ముళ్లు చీరేస్తాయి, ఈకలు కప్పేసి ఉంటాయి కాబట్టి పెట్టను చేతిలోకి తీసుకుని రెక్క ఎత్తి చూస్తేగానీ తెలియదు. వీపుకి గుడ్డ కవచం కట్టడం, పుంజు ముళ్ల కొనలు మొద్దు చేయడం కొంతవరకు పనికొస్తాయి. అయితే నాకు బాగా పనిచేసింది ఇంకోటి: పుంజును వాటితో ఎప్పుడూ ఉంచను, మూడు నాలుగు రోజులకోసారి కాసేపు వదిలి, నేను అక్కడే ఉండి, మళ్లీ వేరు చేస్తాను. ఒకసారి కలిశాక వీర్యం పెట్ట శరీరంలో నిల్వ ఉండి రెండు వారాల దాకా గుడ్లను ఫలదీకరిస్తూనే ఉంటుంది కాబట్టి రోజూ తొక్కాల్సిన అవసరమే లేదు. (ఇందులోనే ఇంకో మెలిక ఉంది: ఇంతకు ముందు వేరే పుంజుతో ఉన్న పెట్ట అయితే మూడు నాలుగు వారాలు ఆగాకే గుడ్లు పొదగెయ్యండి, లేకపోతే పాత పుంజు పిల్లలు వస్తాయి.) బరువులో మరీ, మీరు అడిగిన జంటలాగా, నాలుగైదు రెట్లు తేడా ఉంటే మాత్రం నేనైతే ఆ జంట కట్టను.

చిన్న పుంజుని పెద్ద పెట్టల మీదకి వదలడమే నాకు ఇష్టం, ఎవరికీ దెబ్బలు తగలవు. కాకపోతే అందదు పాపం, జారిపోతూ ఉంటుంది, పైగా బ్రహ్మా, కొచ్చిన్ లాంటి వాటికి వెనక దట్టమైన ఈకలు అడ్డం. మొదటి విడతలో పొదగేసిన ఏడో రోజు గుడ్లకి లైటు పెట్టి చూస్తే చాలావాటిలో పిల్ల ఎదుగుతున్న జాడే లేదు, ఖాళీగానే కనిపించాయి. పెట్ట వెనక ద్వారం చుట్టూ మెత్తటి ఈకలు కత్తిరించాక బాగా మెరుగుపడింది. పుంజు దగ్గరికి రాగానే కూర్చునే సాధు పెట్టను ఎంచుకోండి, పొగరుబోతు పెట్ట దాన్ని లెక్కే చేయదు.

ఇక ఆ పిల్లలు పెద్దయ్యాక ఎంత ఉంటాయి? చాలావరకు మధ్యస్థంగా, అదీ ఒకే విడతలోనే ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా, ఎందుకంటే సైజు అనేక జన్యువుల మీద ఆధారపడుతుంది. కొన్ని పొట్టి జాతుల్లో మాత్రం జెడ్ క్రోమోజోమ్ (కోళ్లలో ఆడా మగా తేల్చే క్రోమోజోముల్లో ఒకటి, మగదానికి రెండు, ఆడదానికి ఒకటే) మీద మరుగుజ్జు జన్యువు ఉంటుంది. ఆడపిల్లకి జెడ్ తండ్రి నుంచే వస్తుంది, అందుకని అలాంటి పుంజుని పెద్ద పెట్టకు కలిపితే ఆడవి పొట్టిగా, మగవి దాదాపు మామూలుగా ఎదుగుతాయి. తిరగేసి, పెద్ద పుంజు పొట్టి పెట్ట అయితే ఆ జన్యువు ప్రభావం ఏ పిల్లలోనూ బయటపడదు. పుట్టినప్పుడు చిన్నగా ఉంది కదా అని అలాగే ఉండిపోతుందనుకోకండి, చిన్న గుడ్డు నుంచి వచ్చిన క్రాస్ పిల్ల కొన్ని వారాల్లో తల్లిని దాటేస్తుంది.

రెండు సైజుల గుడ్లు ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్టొచ్చా అన్నారు. ఫ్యాన్ ఉంటే 37.5 డిగ్రీల దగ్గర ఏ ఇబ్బందీ లేదు. ఫ్యాన్ లేనిదైతే పైన వేడి, కింద తక్కువ, చిన్న గుడ్లు కిందికి ఉండిపోతాయి, కాబట్టి వాటి కింద ఏదైనా వేసి అన్ని గుడ్ల పైభాగాలు ఒకే ఎత్తుకి తెచ్చుకోండి. బాంటమ్ గుడ్లు తరచూ 21వ రోజు దాకా ఆగవు, ఒక రోజు ముందే పగులుతాయి, అందుకే పెద్దవి ఒక రోజు ముందు పెడతాను. పొదుగుకొచ్చిన చిన్న పెట్ట కింద అయితే పెద్ద గుడ్లు ఐదారు మించొద్దు, అంచున ఉన్నవి చల్లబడతాయి. బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో) మొదటి వారం చిన్న పిల్లల్ని వేరుగా ఉంచి, నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వెయ్యండి, 24 గ్రాముల పిల్ల మునగడానికి లోతు పెద్దగా అక్కర్లేదు.