సముద్రం దాటేముందు ఊరి పేరు తెలియాలి

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

అల్లుడి పూర్వీకులు జర్మనీ నుంచి వచ్చి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో సేద్యం చేశారని, పిల్లల కోసం ఆ వంశవృక్షం తయారు చేయాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. మా కోడలి పుట్టింటివారూ జర్మన్ రైతులే కనుక ఈ పని నేనూ చేశాను. పేరు, పుట్టిన సంవత్సరం సరిపోయాయని తొందరపడి జర్మనీ చర్చిలు పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకున్న పుస్తకాలు నేరుగా తెరిచి, వారి వంశానికి సంబంధం లేని ఒక యోహాన్ వెంట రెండేళ్లు తిరిగాను. అక్కడ మగపిల్లల్లో చాలామందికి మొదటి పేరు యోహాన్ అని పెట్టి, వాడుకలో రెండో పేరుతో పిలిచేవారని అప్పుడు నాకు తెలియదు. ఆ పుస్తకాలు ఏ ఊరివి ఆ ఊరివే కాబట్టి, వారి స్వగ్రామం పేరు అమెరికా కాగితాల్లో దొరికేదాకా నీవు సముద్రం దాటవద్దు.

జనగణన పత్రాలను 1950 నుంచి వెనక్కి చూసుకుంటూ వెళ్ళు. 1880 పత్రంలో ప్రతి బిడ్డ ఏ రాష్ట్రంలో పుట్టిందో ఉంటుంది. పెద్దవాడు ఇల్లినాయిలో, నడిపివాడు అయోవాలో, చిన్నది నెబ్రాస్కాలో పుట్టి ఉంటే ఆ కుటుంబం బండి కట్టుకుని నడిచిన దారి అదే. 1890 పత్రాలు 1921 నాటి అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి. 1900 పత్రంలో వలస వచ్చిన సంవత్సరం దొరుకుతుంది. పుట్టిన దేశమన్న చోట ప్రష్యా, హానోవర్ అని ఉంటే కంగారుపడకు, అవీ జర్మన్ రాజ్యాలే, జర్మనీ ఒకే దేశమైంది 1871లోనే. రష్యా అని ఉన్నా కంగారు వద్దు. 1763లో రష్యా రాణి కేథరిన్ పిలుపుతో అక్కడి వోల్గా నదీతీరానికి వెళ్లిన జర్మన్ల వారసులు 1870ల నుంచి నెబ్రాస్కాకు, కాన్సాస్‌కు వచ్చారు.

అన్నిటికన్నా విలువైనది భూమి దస్త్రం. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమి 160 ఎకరాలు తీసుకున్న రైతు అయిదేళ్లు అక్కడే నివసించి, సాగు చేసి, సాక్షులతో రుజువు చేసుకుంటే పట్టా వచ్చేది. ఇంటర్నెట్‌లో కనిపించే ఒక్క పేజీ పట్టాతో తృప్తిపడక, వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి పూర్తి దస్త్రం తెప్పించుకో. ఇల్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని ఎకరాలు దున్నారు అన్న వివరాలతో పాటు, విదేశంలో పుట్టినవారైతే పౌరసత్వ పత్రాల నకలు అందులో ఉంటుంది. నాకు కళ్లు చెమర్చింది ఆ వాంగ్మూలాలు చదివినప్పుడే. సాక్షి సంతకాలు చేసిన ఇరుగుపొరుగువారిని వదలవద్దు. ఒకే పల్లె నుంచి కలిసి వచ్చినవారు పక్కపక్కనే భూములు తీసుకోవడం మామూలు కనుక, మీవారి కాగితాల్లో లేని ఊరి పేరు పొరుగువారి మరణవార్తలో దొరకవచ్చు. లూథరన్ (ప్రొటెస్టెంట్), కేథలిక్ చర్చిల పెళ్లి, ఖననం పుస్తకాలూ చూడు. జర్మన్ పాస్టర్లు స్వగ్రామం పేరు రాసిపెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇంట్లో పెద్దవారిని అడిగేటప్పుడు మెల్లగా అడుగు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ అమెరికాకు శత్రుదేశం కావడంతో, 1918లో అయోవా గవర్నరు బహిరంగంగా ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడరాదని ఆజ్ఞాపించాడు. 1919లో నెబ్రాస్కా చిన్న తరగతుల్లో పరభాషల బోధననే నిషేధించగా, 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ భయంతో మూలాలను దాచుకున్న కుటుంబాలున్నాయి.

వలస వచ్చినవారిని తనిఖీ చేసిన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో అధికారులు ఇంటిపేరు మార్చేశారన్న కథను నమ్మవద్దు. ప్రయాణికుల జాబితాలు ఓడ ఎక్కే రేవులోనే రాసేవారు, ముల్లర్ మిల్లర్ అయింది అమెరికాలో స్థిరపడిన తర్వాతే. జర్మనీలోని హాంబర్గ్ రేవు జాబితాలు 1850 నుంచి 1934 వరకు చాలావరకు మిగిలాయి, వాటిలో చివరి నివాసం ఉంటుంది. బ్రెమెన్‌వి ఎక్కువభాగం నశించాయి. ఊరు తేలాక ప్రొటెస్టెంట్లకు ఆర్కియోన్, కేథలిక్కులకు మట్రికులా వెబ్‌సైట్లు ఉన్నాయి, కానీ ముందు కురెంట్ అనే పాత చేతిరాత నేర్చుకోవాలి.

మీ అత్తగారి దగ్గర పాత జర్మన్ బైబిల్ ఉందన్నావు కదా. దాని మొదటి, చివరి పేజీల్లో చేతిరాతతో ఏమున్నా ఫోటో తీసి ఈ వారమే నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న