అర్ధాయువు అంటే ఆయువులో సగమేనా?

సందేహం: సైన్సు ప్రదర్శన కోసం మా విద్యార్థి ఒకడు, ప్రయోగశాలలో సృష్టించిన రేడియోధార్మిక మూలకం ఒగానెసాన్ గురించి చార్టు మీద "ఒగానెసాన్-294 అర్థాయువు 0.7 మిల్లీసెకన్లు, కాబట్టి 1.4 మిల్లీసెకన్లలో అది పూర్తిగా క్షయమవుతుంది" అని రాశాడు. లెక్క తప్పని చెబితే, "ఆ మాటకు అర్థం అదే కదా టీచర్" అన్నాడు. ఏమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: మీ విద్యార్థి సమాసాన్ని సరిగ్గానే విడదీశాడు. అర్ధరాత్రి అంటే రాత్రిలో సగభాగం అయినట్టే, అర్ధాయువు అంటే ఆయువులో సగభాగమని వ్యాకరణం చెబుతుంది. మన నెల్లూరు వైపు నడివయసులో కన్నుమూసినవారిని "అర్ధాయుష్షుతో పోయినాడు" అనడమూ ఆ అర్థంలోనే. శాస్త్రం ఈ మాటను మరో అర్థంలో స్థిరపరచుకుంది: రేడియోధార్మిక పదార్థపు ఒక రాశిలోని కేంద్రకాల్లో సగం విఘటనం చెందడానికి, అంటే కణాలను వెలువరించి వేరే కేంద్రకాలుగా మారడానికి, పట్టే కాలం అర్ధాయువు.

ఒకవైపు తెల్లగా అరగదీసిన 64 చింతపిక్కలను పిల్లల చేత వేయించి, తెల్లవైపు పైకి పడినవాటిని విఘటనం చెందిన కేంద్రకాలుగా లెక్కించి ఏరేయమనండి. మొదటి విడతకు సుమారు 32, రెండో విడతకు సుమారు 16 మిగులుతాయి గాని, రెండు విడతల్లో అన్నీ అయిపోవు. మూడుసార్లు నల్లగా పడిన పిక్క నాలుగోసారి తెల్లగా పడే అవకాశం పెరగనట్టే, కేంద్రకానికి ముసలితనం లేదు. దాని సగటు ఆయువుతో పోల్చినా అర్ధాయువు అందులో సుమారు 0.693 వంతే తప్ప సగం కాదు.

'క్షయం' గురించి కూడా ఒక మాట చెప్పాలి. కృష్ణపక్ష చంద్రుడిలా కొంచెం కొంచెంగా తరగడం ఆ మాటలో ఉంది కనుక రాశి మొత్తానికి అది చక్కగా నప్పుతుంది. అయితే రష్యాలోని దుబ్నాలో కాలిఫోర్నియం-249 మీదికి కాల్షియం-48 కేంద్రకాలను ప్రయోగించి సృష్టించిన ఒగానెసాన్-294 పరమాణువులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. 118 ప్రోటాన్లు, 176 న్యూట్రాన్లు ఉన్న అలాంటి ఒక్కో కేంద్రకం ఒక్కసారిగా ఆల్ఫా కణాన్ని వెలువరించి, రెండేసి ప్రోటాన్లను, న్యూట్రాన్లను కోల్పోయి లివర్మోరియం-290గా మారుతుంది. ఆ ఘటనకు 'విఘటనం' అన్న మాటే తగినదని నా అభిప్రాయం.

'అర్థాయువు'లోని థకారాన్ని ధకారంగా దిద్దించండి. సగానికి 'అర్ధ' అనే రాయాలి. చార్టు మీది వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: "ఒగానెసాన్-294 అర్ధాయువు సుమారు 0.7 మిల్లీసెకన్లు, 1.4 మిల్లీసెకన్ల తరువాత కూడా ఒక కేంద్రకం విఘటనం చెందకుండా నిలిచే అవకాశం నాలుగో వంతు ఉంటుంది."