ఒడిశా పెట్రోలు చవకంటే నాసిరకమా? మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఒడిశాలోని గుణుపురం బదిలీ అయినప్పటి నుంచి నీ కారు మైలేజీ పడిపోయిందట. ఒడిశా పెట్రోలు చవక, అందులో ఏదో కలుపుతారు, ఇంజన్ పాడైపోతుందని పార్వతీపురంలో మీ అత్తారింటి పక్కాయన ఎవరో భయపెట్టాడట. అప్పట్నుంచి నువ్వు పార్వతీపురం వెళ్లినప్పుడే ఫుల్ ట్యాంక్ కొట్టిస్తున్నావట. నవ్వాగలేదురా. పాతపట్నం వాళ్లు పెట్రోలు కోసం మా ఊరొస్తారు, ఇచ్ఛాపురం వాళ్లు సరిహద్దు దాటి ఒడిశాలోని గిరిసోల దాకా పోతారు. నువ్వు మాత్రం ఎదురెళ్లి లీటరుకు ఆరేడు రూపాయలు ఎక్కువిచ్చి మరీ పోయించుకుంటున్నావు.

అసలు ఆ ఆరేడు రూపాయలు ఎక్కడివో చూడు. పెట్రోలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు. కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం సరిహద్దుకు ఇటైనా అటైనా ఒకటే. రాష్ట్రం వేసే వ్యాట్‌ దగ్గరే తేడా వస్తుంది. ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు అదనం, రోడ్ల సెస్సు మరో రూపాయి. ఒడిశాలో 28 శాతంతో సరి. అంటే నువ్వు పార్వతీపురంలో ఎక్కువిచ్చేది మంచి పెట్రోలుకి కాదు, పన్నుకి. ఇంకో సంగతి. ఒడిశాలోనే భువనేశ్వర్ కంటే మల్కన్‌గిరిలో పెట్రోలు ఖరీదు. ట్యాంకరు అంత దూరం ఎక్కి రావాలి కదా, ఆ కిరాయి. ధర ఎక్కువ కాబట్టి సరుకు మంచిదనుకుంటే రాష్ట్రంలోకెల్లా మంచి పెట్రోలు మల్కన్‌గిరిలోనే దొరకాలి మరి!

సరుకు సంగతికొస్తే, మన చుట్టుపక్కల పెద్ద రిఫైనరీలు రెండు. విశాఖలో 1957 నాటి హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీ) వాళ్లది, పారాదీప్‌లో 2016లో జాతికి అంకితమైన ఇండియన్ ఆయిల్ వాళ్లది. పారాదీప్ నుంచి హైదరాబాద్ వైపు వేసిన పైపులైను బరంపురం, విశాఖ మీదుగానే పోతుంది. పైగా ఈ కంపెనీలు డిపోల దగ్గర ఒకరి సరుకు ఒకరు తీసుకుంటాయి. బోర్డు మీద ఒక కంపెనీ పేరుంటుంది, భూమిలోని ట్యాంకులో ఉన్నది ఇంకో కంపెనీ రిఫైనరీలో తయారైంది కావచ్చు. ఇన్నేళ్లు బంకులో పనిచేసిన వాణ్ణి, ట్యాంకరు చలానా చూడకుండా కంపెనీ పేరు చెప్పమంటే నేనే చెప్పలేను. ఏ కంపెనీ పెట్రోలైనా దేశమంతటికీ పెట్టిన ఒకే ప్రమాణానికి లోబడాల్సిందే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య ప్రమాణమే. గంధకం పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించకూడదు, అంతకు ముందు బీఎస్4లో యాభై దాకా ఉండనిచ్చేవారు. ఈ లెక్క ఆంధ్రాకొకటి, ఒడిశాకొకటి లేదు.

లండన్‌లో ఉన్న మన అల్లుడుగారు కూడా మొన్న ఇదే అడిగారు. అక్కడ టెస్కో, ఆస్డా లాంటి సూపర్‌మార్కెట్లు సొంత బంకులు పెట్టి కాస్త చవగ్గా అమ్ముతాయి. అక్కడా ఇదే అనుమానం, చవకది పోస్తే ఇంజన్ పాడవుతుందని. వాళ్ల ప్రమాణం ఈఎన్ 228, సూపర్‌మార్కెట్ అయినా పెద్ద కంపెనీ అయినా దానికి లోబడాల్సిందే. ఎక్కువ లీటర్లు అమ్ముకుంటారు, పెట్రోలుకి వచ్చినవాడు సరుకులూ కొంటాడని లాభం తగ్గించుకుంటారు. తేడా అంటూ ఉంటే ఇంజెక్టర్లు శుభ్రంగా ఉంచడానికి కలిపే మందుల్లో ఉంటుంది, పెద్ద కంపెనీలు తమ ఖరీదైన రకాల్లో అవి ఎక్కువ వేస్తాయి. మన దగ్గర ఎక్స్‌పీ95 లాంటివి అలాంటివే. నీ కారు మామూలు పెట్రోలుకి తయారైంది. దానికి 95 పోస్తే మైలేజీ పెరగదు, బిల్లు పెరుగుతుంది.

మరి మైలేజీ ఎందుకు పడింది? నీ కారు 2017ది కదా. దేశమంతా పెట్రోల్లో ఇథనాల్ పెంచుకుంటూ వచ్చి 2025 నాటికి 20 శాతం చేశారు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. అంచేత మైలేజీ కొంత తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021లో వేసిన నివేదికలోనే పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని రాశారు. నీ కారు 18 ఇచ్చేదనుకో, కిలోమీటరు పైచిలుకు అక్కడే పోయింది. పార్వతీపురంలో పోసేదీ అదే 20 శాతం ఇథనాల్ పెట్రోలు, ఈ20 అంటారు దాన్ని. నీ బదిలీ, ఈ20 ఇంచుమించు ఒకేసారి వచ్చాయి, నింద ఒడిశా మీద పడింది.

మిగతాది నీ దారి మింగుతోంది. చదును రోడ్ల మీద తిరిగిన బండిని కొండల మధ్యకు తెచ్చావు. ఎక్కుడు రోడ్డులో సెకండ్ గేరు, ఎండలో ఏసీ, ఇద్దరు పిల్లలు, మీ ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చే బియ్యం బస్తా. అప్పుడు మైలేజీ ఎంతని డాష్‌బోర్డుని అడిగితే అది ఏదో ఒక అంకె చెబుతుంది, నమ్మకు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ ఆటోకట్ అయ్యేదాకా కొట్టించి కిలోమీటర్లు రాసిపెట్టు. రోజూ తిరిగే దారిలోనే తిరిగి ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాక మళ్లీ అక్కడే అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. రెండు మూడు ట్యాంకులు అలా చేస్తే గానీ అసలు సంగతి తెలియదు. దానికంటే ముందు టైర్లలో గాలి చూపించు. గాలి తక్కువైన టైరు తినే పెట్రోలు ముందు రెండు రాష్ట్రాల తేడా ఏపాటిది?

కల్తీ అనేదే లేదని నేననను. ఉంది, కానీ అది బంకుని బట్టి, రాష్ట్రాన్ని బట్టి కాదు. రేషన్ కిరసనాయిలు నీలం రంగులో ఎందుకుండేదో తెలుసా? కలిపితే దొరికిపోవాలని. అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపరు అడుగు, ఇవ్వాల్సిందే. నాజిల్ నుంచి ఒక చుక్క దాని మీద వేయించు. రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక లేకపోతే మంచిదే. ఆ రోజు సాంద్రత ఎంతో చూపించమను. 15 డిగ్రీల లెక్కన ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, ట్యాంకరు చలానాలో రాసిన దానికి మూడు పాయింట్లు అటూ ఇటూ దాటకూడదు. కొలత మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖ ముద్రవేసిన ఐదు లీటర్ల డబ్బాలో పట్టించు. 25 మిల్లీలీటర్ల లోపు తేడా అయితే ఊరుకో. ఇవన్నీ నీ హక్కు, మొహమాటపడకు. కుర్రాళ్లు విసుక్కుంటారు, పడు.

వానాకాలంలో ఇంకాస్త జాగ్రత్త. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. బంకు ట్యాంకులోకి వాన నీరు దిగితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి చేరతాయి, అది నీ ట్యాంకులోకి వస్తే బండి జెర్కులు కొట్టి ఆగిపోతుంది. బంకు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచిన మర్నాడు అక్కడ కొట్టించకు. ట్యాంకరు దింపుతుంటే కాసేపు ఆగు, లేదా ముందుకెళ్లిపో. కొండ ఊళ్లలో కిరాణా కొట్ల ముందు వాటర్ బాటిళ్లలో వేలాడదీసి అమ్మే పెట్రోలు మాత్రం చచ్చినా పోయించకు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. రిజర్వు వెలగకముందే నింపుకుంటే ఆ అవసరమే రాదు.

ఇంజన్ ఆరోగ్యం గురించి అంత బెంగ ఉంటే ఎయిర్ ఫిల్టర్ విప్పించి చూడు. ఆ దుమ్ము రోడ్లలో అది నల్లగా పూడిపోయి ఉంటుంది. ఆయిల్ సమయానికి మార్పించు. నీది పాత బండి కాబట్టి పెట్రోలు పైపులు, రబ్బరు వాషర్లు ఇథనాల్‌కి మెత్తబడే అవకాశముంది. పొద్దున్న కారు దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజే మెకానిక్‌కి చూపించు, మర్నాటికి వాయిదా వేయకు.

పార్వతీపురం వెళ్లడం మానమనడం లేదు, అత్తారిల్లు కదా. వెళ్లే ముందు గుణుపురంలో నింపుకుని వెళ్లు. 35 లీటర్ల ట్యాంకు మీద రెండొందల పైన మిగులుతుంది. అలాగని ఎక్కడున్నా చవక పెట్రోలు కోసమే సరిహద్దు దాకా బండి తోలకు. రానూ పోనూ అరవై కిలోమీటర్లంటే నాలుగు లీటర్లు కాలిపోతాయి, మిగిలే రెండొందలకి నాలుగొందలు ఖర్చు. మా పాతపట్నం వాళ్లకు ఆ బాధ లేదు, పక్కనే.

దసరాకి వస్తావుగా, ఆ మైలేజీ రాసిన కాగితం తీసుకురా. నా పాత మెకానిక్‌ని పిలిపిస్తాను, పైపులు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య