ఇల్లు ఖాళీ చేసి పోవచ్చుగా?

అమ్మలూ,

నువ్వు తియ్యబోయే దెయ్యం సినిమా స్క్రిప్టు చదివాను. ఫోన్లో చెప్పమన్నావు గానీ, ఫోన్లో అయితే ప్రతి మాటకీ "కాదు మావయ్యా, అది ఎందుకంటే" అని మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు కదా అని రాస్తున్నాను.

ముందు బాగున్నది చెప్పేస్తా. అమ్మమ్మ నూతిలో నీళ్లు తోడుతుంటే చేద ఉన్నట్టుండి బరువెక్కడం, ఆవిడ తన ఒంట్లో సత్తువ తగ్గిందనుకుని ఇంకాస్త గట్టిగా లాగడం చాలా బాగా రాశావు. దాన్ని ముట్టుకోకు. అద్దంలో వెనక నిలబడే ఆడమనిషిని మాత్రం తీసేయ్. అలాంటి షాటు సినిమాలో పెట్టనివాడు లేడు.

ఇక అసలు సంగతి. ముప్పై నాలుగో సీన్లో వంటింట్లో గిన్నెలన్నీ ఎగిరిపడతాయి, చిన్నది మంచం మీద నుంచి జానెడు పైకి లేస్తుంది. ముప్పై అయిదో సీన్లో పొద్దున్నే అందరూ కూచుని ఇడ్లీ తింటున్నారు! థియేటర్లో ఎవడో ఒకడు "ఇల్లు ఖాళీ చేసి పోవచ్చుగా రా బాబూ" అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు పడ్డాక నువ్వు ఎంత పెద్ద దెయ్యాన్ని దించినా, ఎంత ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) కొట్టించినా జనం నీ చేతికి తిరిగి రారు. పైగా నీ కథలో వాళ్లది అద్దె ఇల్లు. అబ్బాయి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి నుంచే పని. అడ్వాన్సు వదులుకుని రాత్రికి రాత్రి కారెక్కితే అయిపోయే పని అది.

కాబట్టి దెయ్యం పాత్రని ఇంకా చెక్కడం ఆపి, ఈ కుటుంబం ఆ ఇంట్లోంచి ఎందుకు కదలలేదో ఒక పేజీ రాయి. మిగతా రిపేర్లన్నీ ఆ పేజీ మీదే ఆధారపడతాయి.

'ది కంజూరింగ్' నువ్వు చూసే ఉంటావు, కానీ ఈసారి దెయ్యాన్ని వదిలేసి డబ్బు లెక్క కోసం చూడు. 2013లో జేమ్స్ వాన్ తీశాడు. సుమారు రెండు కోట్ల డాలర్లతో తీస్తే ముప్పై కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. కథ 1971లో, అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో హారిస్‌విల్ దగ్గర ఒక పాత ఇంట్లో. తండ్రి రోజర్ లారీ డ్రైవరు. భార్య, అయిదుగురు ఆడపిల్లలు. ఉన్న డబ్బంతా ఆ ఇంట్లో పెట్టేశారు. ఏడుగురు మనుషుల్ని ఎవరింట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటారు? ఈ ముక్క ఒకటి రెండు డైలాగుల్లో అయిపోతుంది, కానీ సినిమా బరువంతా దాని మీదే ఉంది. దానికి తోడు, దెయ్యాల సంగతి చూడ్డానికి వచ్చిన వారెన్ దంపతులు ఇంకో తలుపు కూడా మూసేస్తారు: ఇల్లు మారినా అది మీ వెంటే వస్తుందంటారు. చివర్లో కుటుంబాన్ని నిజంగానే మోటెల్‌కి పంపిస్తారు. అప్పటికే తల్లి తల్లిలా లేదు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని తనే ఆ ఇంటికి తిరిగొస్తుంది. చూశావా, వెళ్లిపోవడం అనే సీను స్క్రిప్టులో ఉంది. ఉండి కూడా ఫలించలేదు. ప్రేక్షకుడి నోట్లో ఉన్న ప్రశ్నని వాడికంటే ముందు సినిమాయే అడిగేసింది.

సినిమాలోని ఆ కుటుంబం, పెరాన్ వాళ్లు, నిజంగా ఉన్నారు. 1971 నుంచి 1980 దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. అన్నేళ్లు ఉండటానికి కారణం డబ్బు ఇబ్బందేనని చెబుతారు. దెయ్యం సంగతి నమ్మినా నమ్మకపోయినా, ఆ ఇబ్బందిని నమ్మనివాడు ఉండడు.

మిగతా మంచి సినిమాలు కూడా ఈ ప్రశ్నకి తలోరకంగా జవాబు చెప్పుకున్నవే. 1982 'పోల్టర్‌గైస్ట్'లో చిన్నపిల్ల ఇంట్లోనే ఎక్కడో చిక్కుకుపోతుంది, గొంతు మాత్రం వినిపిస్తుంటుంది. పిల్లని వదిలేసి ఏ తల్లి గడప దాటుతుంది? 2001 'ది అదర్స్'లో పిల్లలకి వెలుతురు పడదు, కర్టెన్లు తియ్యకూడదు, యుద్ధానికి వెళ్లిన భర్త కోసం తల్లి ఎదురు చూస్తుంటుంది. 'ఇన్సిడియస్'లో మరీ తమాషా, వాళ్లు నిజంగానే ఇల్లు మారతారు. దెయ్యం పట్టింది ఇంటికి కాదని అప్పుడు తెలుస్తుంది. అది కూడా జేమ్స్ వాన్‌దే, 2010లో వచ్చింది. ఈ ప్రశ్నతో అతనికి ముందు నుంచీ పరిచయం ఉందన్నమాట.

మరి మనవాళ్లు ఎందుకు కదలరు? నన్నడిగితే ఇక్కడ నీకు వాళ్లెవరికీ లేని కారణం ఒకటుంది. పరువు. అద్దె తీసేసి సొంతిల్లు చెయ్యి. సాఫ్ట్‌వేర్ అబ్బాయిని తీసేసి, ఆర్టీసీలో రిటైరైన తండ్రిని పెట్టు. వచ్చిన డబ్బంతా పోసి, చాలకపోతే ఊళ్లో ఉన్న కాస్త పొలం అమ్మి ఆ పాత ఇల్లు కొన్నాడు. పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది, తాంబూలాలు ఆ ఇంట్లోనే పుచ్చుకోవాలి. "వాళ్లింట్లో ఏదో ఉందట" అన్న మాట వీధిలోకి పొక్కితే ఇంటి ధర పడిపోతుంది, సంబంధం తప్పిపోతుంది. అందుకని దాస్తారు. ముందు పక్కింటివాళ్ల దగ్గర, తర్వాత వియ్యాలవారి దగ్గర, ఆ తర్వాత ఒకరి దగ్గర ఒకరు. తండ్రికి కనిపించింది తల్లికి చెప్పడు, తల్లికి వినిపించింది పిల్లలకి చెప్పదు. ఇలా దాపరికం పెరిగే కొద్దీ దెయ్యానికి ఇంట్లో చోటు పెరుగుతుంది. అప్పుడు ముప్పై అయిదో సీన్లో ఇడ్లీలు ఉండనీ. రాత్రి గిన్నెలు పడ్డాయి, పొద్దున్నే పెళ్లివారి తరఫు పెద్దాయన చెప్పాపెట్టకుండా దిగాడు. తల్లి వణుకుతున్న చేత్తో చట్నీ వడ్డిస్తోంది. సొట్టపడ్డ గిన్నెని పిల్ల కాలితో బల్ల కిందకి తోస్తోంది. అదే ఇడ్లీ, ఈసారి ఎవడూ నవ్వడు.

సాయం కోసం ఎవర్ని పిలుస్తారన్నది కూడా నువ్వు తొందరపడి రాశావు. మొదటి వింతకే మంత్రగాడు దిగిపోయాడు. మన ఇళ్లలో అలా జరగదు. ముందు ఎలక్ట్రీషియన్ వస్తాడు. తర్వాత పిల్లని డాక్టరుకి చూపిస్తారు, రక్తం తక్కువగా ఉందని టానిక్కు రాస్తాడు. తర్వాత బావమరిది ఎవరో సిద్ధాంతిని తీసుకొస్తే ఆయన నైరుతిలో నుయ్యి ఉండకూడదంటాడు. ఆ తర్వాత ఆంజనేయస్వామి గుళ్లో తాయెత్తు, ఇంకా తగ్గకపోతే పనిమనిషి చెప్పిన దర్గా. ఈ వరసలో ప్రతి మనిషీ కొంత డబ్బు, కొంత ధైర్యం పట్టుకుపోవాలి. ప్రతివాడి మాటలోనూ కాస్త నిజం ఉండాలి. సిద్ధాంతిని జోకర్‌ని చెయ్యకు. డిస్ట్రిబ్యూటర్లు కామెడీ ట్రాక్ పెట్టమని అడుగుతారు, అడిగితే కుటుంబంలోంచే తీసుకో. తాయెత్తు కట్టుకోనని మొండికేసే తాతయ్య చాలు. 'కంజూరింగ్'లో కూడా చర్చి వైపు నుంచి పర్మిషన్ రావాలి, పిల్లలకి బాప్టిజం కాలేదని అది చిక్కులో పడుతుంది. భూతం వదిలించడానికీ ఫైలు కదలాలి! ఇలాంటిది మనవాళ్లకి ఒకరు వివరించాల్సిన పని లేదు.

తీసే పద్ధతి గురించి రెండు మాటలు. ఆ సినిమాలో కుటుంబం ఇంట్లో దిగే రోజు చూడు. కెమెరా వాళ్లతో పాటే గదులన్నీ తిరిగేస్తుంది, కుక్క మాత్రం లోపలికి రానంటుంది. అరగంట తర్వాత ఏ తలుపు తీస్తే ఏ గది వస్తుందో మనకే తెలిసిపోతుంది. నీకు గృహప్రవేశం ఉంది, అంతకంటే ఏం కావాలి? ఆవు గడప తొక్కడం, పాలు పొంగించడం, చుట్టాలు గదిగదికీ వెళ్లి వంక పెట్టడం... ఇల్లంతా చూపించెయ్. ఇంటి ప్లాను చార్టు మీద గీసి ఆఫీసు గోడకి అంటించు, ప్రతి సీనూ ఎక్కడ జరుగుతోందో దాని మీద గుర్తు పెట్టు.

తర్వాత పిల్లల పడకగది సీను దగ్గర ఆగు. రాత్రి ఒక పిల్ల కాలు ఎవరో లాగుతారు. మంచం కింద చూస్తుంది, ఏమీ లేదు. తల ఎత్తి తలుపు వెనక మూల వైపు చూసి బిగుసుకుపోతుంది. అక్కడ ఎవరో నిలబడ్డారంటుంది. మనకి చీకటి తప్ప ఏమీ కనపడదు. అక్క లేచి వెళ్లి ఆ చీకట్లోనే నిలబడి ఎవరూ లేరంటుంది. నీ వెనకే ఉంది అంటుంది ఈ పిల్ల. తలుపు దభాల్న మూసుకుంటుంది. దెయ్యాన్ని చూపించలేదు, గ్రాఫిక్స్ లేదు. ఆ అమ్మాయి జోయీ కింగ్ మొహం, ఒక చీకటి మూల, అంతే. మన బడ్జెట్‌కి ఇంతకంటే చవకైన సీను దొరకదు గానీ, ఆర్టిస్టు దొరకాలి. కాబట్టి పిల్లల ఆడిషన్‌కి రోజులు ఎక్కువ పెట్టుకో.

చప్పట్లు కూడా అంతే. కళ్లకి గంతలు కట్టుకుని చప్పట్ల శబ్దాన్ని బట్టి వెతికే ఆట ముందు సరదాగా పెట్టి, ఆ చప్పట్లనే తర్వాత నేలమాళిగ మెట్ల మీద, అగ్గిపుల్ల వెలుగులో, తల్లి చెవి పక్కన వినిపిస్తారు. నీ ఇంట్లోనూ అలాంటి శబ్దం ఒకటి ముందు నుంచీ అలవాటు చెయ్యి. మన ఇళ్లు అసలే గోల. కుక్కర్ విజిల్, బోరు మోటారు, పక్కింటి సీరియల్, కరెంటు పోతే ఇన్వర్టర్ కూత. రాత్రి సీన్లలో వీటిని ఒక్కొక్కటే తీసేస్తూ రా. లొకేషన్లో అర్ధరాత్రి అందరినీ బయటికి పంపేసి ఇంటి శబ్దాన్ని రికార్డు చేయించు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో కూచుని నిశ్శబ్దం తయారుచేద్దామంటే అది చచ్చిన నిశ్శబ్దంలా ఉంటుంది.

అన్నీ రాత్రుళ్లే పెట్టకు. 'రాత్రి' సినిమాలో పట్టపగలు ఖాళీ వీధిలో రేవతి ఒక్కతే నడుస్తుంటే 1992లో మా అందరికీ చెమటలు పట్టాయి. 'పోల్టర్‌గైస్ట్'లో పగటిపూట వంటింట్లో తల్లి సింకు వైపు తిరిగి మళ్లీ ఇటు తిరిగేసరికి కుర్చీలన్నీ బల్ల మీద గుట్టగా ఉంటాయి, కట్ లేదు. కెమెరా అటు తిరిగిన ఆ కాసేపట్లో యూనిట్ వాళ్లు చేసిన పని అది. పైగా ఆ తల్లి మొదట్లో భయపడదు, ముచ్చటపడుతుంది. అది కూడా ఇల్లు వదలకపోవడానికి ఒక కారణమే కదా.

కాగితాల పని మీ మేనేజరుకి వదిలెయ్యకు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో తీయాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు, ఏకధాటిన మూడు గంటలు దాటకూడదు. వాళ్ల పారితోషికంలో 20 శాతం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. రాత్రి సీన్లు కూడా పగలే కిటికీలకి నల్లగుడ్డలు కట్టి తియ్యి. పిల్లి ఉంది కాబట్టి జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకి ముందే తెచ్చుకోవాలి. సెన్సార్‌లో 2024 నుంచి యూఏలోనే 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లు వచ్చాయి. 'కంజూరింగ్'కి పెద్దగా నెత్తురు లేకపోయినా అమెరికాలో ఆర్ రేటింగ్ (పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా చూడకూడదని) ఇచ్చారు, కాబట్టి నెత్తురు తగ్గిస్తే చాల్లే అనుకోకు. నీకు ఎ పడితే టీవీ కోసం కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, శాటిలైట్ బేరం అక్కడ నీరసపడుతుంది.

చివరి మాట, "యథార్థ సంఘటనల ఆధారంగా" అని టైటిల్స్‌లో వేస్తానంటున్నావు. వెయ్యకు. 'కంజూరింగ్' తీసింది ఆ అసలు ఇంట్లో కాదు, నార్త్ కరోలినాలో. అయినా సినిమా ఆడాక జనం ఆ అసలింటి మీద పడ్డారు. అప్పటికి అందులో ఉంటున్నవాళ్లు వేళాపాళా లేకుండా వచ్చేవాళ్లతో వేగలేక 2015లో సినిమా కంపెనీ మీద కోర్టుకెక్కారు. నువ్వు చూసిన ఇంటి ఓనరు కూడా రేపు దాన్ని అద్దెకి ఇచ్చుకోవాలి, అమ్ముకోవాలి. హారర్ సినిమా అని ఆయనకి ముందే చెప్పి, అగ్రిమెంట్లో రాయించు. ఊరి పేరు మార్చు, గేటు రంగు మార్చు. కుదిరితే ఇంటి ముందు భాగం వేరే చోట తియ్యి.

కొత్త పేజీ రాశాక నిర్మాత కంటే ముందు నాకు పంపు. అమ్మకి నేను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య